ఎవరి పది గంటలు?

“ఈమెయిల్‌కు టైముతో పనేంటి? ఫోను కాదుగా, అవతలివాళ్ళు తీరిక చూసుకుని చదువుకుంటారు. అక్కడ ఎన్నయితే ఇక్కడ ఎన్నో కంప్యూటరే చూసుకుంటుంది. అంత అనుమానమొస్తే గూగుల్‌లో కొడితే క్షణంలో తేలిపోతుంది. ప్రతి మెయిల్లో ఊరి పేర్లు, రెండేసి టైములు రాస్తూ కూర్చోవడం చాదస్తం.”

లాల్ దర్వాజాలో నా ఆన్‌లైన్ షాపుకు వచ్చేవాళ్ళలో చాలామంది మాట ఇదే. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న మా బంధువుల పిల్లల మాటా ఇదే. మా షాపులో రోజంతా జరిగే పని మెయిళ్ళు చదివి చెప్పడం, జవాబులు రాసిపెట్టడం. గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ, అలియాబాద్, శాలిబండ నుంచి జనం వస్తారు. జిద్దా, రియాద్, దుబాయ్, లండన్, షికాగో, సిడ్నీల నుంచి వాళ్ళకు మెయిళ్ళు వస్తాయి. ఉద్యోగం పిలుపులు, జీతం బకాయిలు, కాలేజీ సీట్లు, ముత్యాల ఆర్డర్లు, పెళ్ళి సంబంధాలు అన్నీ అందులోనే. పై అభిప్రాయం వల్ల ఎవరికి ఏం పోతోందో రోజూ కళ్ళారా చూస్తున్నాను. అందుకే దాన్ని ముక్క ముక్కగా విడదీసి ఖండిస్తున్నాను.

ముందు అందులో ఉన్న నిజం ఒప్పుకోవాలి. మెయిలు నిజంగానే ఫోను కాదు. ఎవరి నిద్రా చెడకుండా ఏ వేళనైనా పంపవచ్చు, దాని మేలంతా అక్కడే ఉంది. మెయిలు ఎప్పుడు వచ్చిందో కంప్యూటర్ మన టైములోనే చూపిస్తుంది, అదీ నిజం. క్షేమ సమాచారాలకు, ఫొటోలకు, పండుగ శుభాకాంక్షలకు టైము గొడవ అక్కర్లేదు. ఈ మూడూ నేను కాదనను. అయితే ఈ మూడు నిజాల నుంచి “కాబట్టి టైము పక్కన ఊరు రాయనక్కర్లేదు” అనే మాటకు దూకుతున్నారు. ఆ దూకుడులోనే తప్పు ఉంది.

1. కంప్యూటర్ చూసేది కవరునే, ఉత్తరాన్ని కాదు

ప్రతి మెయిలుకూ మన కంటికి కనిపించని తలకట్టు ఒకటి ఉంటుంది. జీమెయిల్లో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకుంటే బయటపడుతుంది. అందులో తేదీ రాసిన వరుస చివర ప్లస్ 0530 అనో మైనస్ 0600 అనో ఉంటుంది. ప్లస్ 0530 అంటే గ్రీనిచ్ గడియారం కన్నా అయిదున్నర గంటలు ముందున్న చోటి టైము. జిద్దాది ప్లస్ 0300, దుబాయ్‌ది ప్లస్ 0400. ఈ అంకె ఉండబట్టే షికాగోలో పంపిన మెయిలు లాల్ దర్వాజాలో తెరిచినప్పుడు మన గడియారం ప్రకారం కనిపిస్తుంది.

చక్కని ఏర్పాటే. కానీ ఆ లెక్క ఆ ఒక్క వరుసకే. లోపల మనిషి తన చేత్తో రాసిన “మంగళవారం పదింటికి మాట్లాడదాం” అన్న వాక్యం షికాగోలో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంటుంది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా పడినంత మాత్రాన లోపలి ఉత్తరంలో “రేపు వస్తున్నా” అన్నది ఏ రోజో తేలుతుందా? “కంప్యూటర్ చూసుకుంటుంది” అనేవాళ్ళు ముద్రను చూసి ఉత్తరం చదివేశాం అనుకుంటున్నారు.

ఆ ముద్ర కూడా ఎంతో దూరం నిలవదు. మెయిలుకు జవాబు కొట్టినప్పుడు కింద పాత మెయిలు వచ్చి చేరుతుంది కదా, దాని నెత్తిన “ఫలానా తేదీ, ఫలానా టైముకు ఫలానావారు రాశారు” అని ఒక వరుస పడుతుంది. జీమెయిల్లో ఆ టైము జవాబిచ్చేవాడి గడియారం ప్రకారం పడుతుంది, పక్కన ఏ ఊరి టైమో ఉండదు. ఇక్కడొకసారి, అక్కడొకసారి జవాబులు మారిన మెయిలు తీసి కింది నుంచి చదువుకుంటూ రండి. ప్రశ్న రాత్రి 9కి అడిగినట్టూ, దానికి జవాబు అదే రోజు ఉదయం 10కే ఇచ్చినట్టూ కనిపిస్తుంది. జీతం బకాయి గొడవలో “ముందు ఎవరు రాశారు” అనేది తేల్చాల్సి వచ్చినప్పుడు ఈ వరుసలు చూపించి నేను నెగ్గుకు రాలేకపోయాను.

ఇక పాతబస్తీలో మెయిలు ప్రయాణించే తీరు హైటెక్ సిటీ పిల్లలకు తెలియదు. జిద్దాలో ఉన్న అల్లుడికి మెయిలొస్తుంది. అతను ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఇక్కడ మామగారు ఆ ఫోను పట్టుకుని మా షాపు మెట్లెక్కుతాడు. స్క్రీన్‌షాట్‌లో 11.10 అని ఉంటుంది. అది జిద్దా 11.10, మనకు మధ్యాహ్నం 1.40. బొమ్మకు తలకట్టు ఉండదు, ప్లస్ 0300 ఉండదు, నొక్కడానికి మూడు చుక్కలు ఉండవు. ఏ కంప్యూటర్ మీద భారం వేశామో ఆ కంప్యూటర్ ఆ బొమ్మ దాకా రాలేదు. ఆఫీసుల్లో క్యాలెండర్ పిలుపు వస్తే ఒక్క నొక్కుతో ఎవరి టైములో వాళ్ళకు పడుతుంది, నిజమే. రెండు వైపులా క్యాలెండర్ వాడే ఉద్యోగస్తులు ఉన్నప్పుడు అది పనికొస్తుంది. ఆ సుఖాన్ని అందరికీ ఉన్నట్టు లెక్కేసి సలహా ఇవ్వడం తగదు.

2. “ఐఎస్‌టీ అని రాశారుగా!”

సరే, టైము పక్కన గుర్తు వేస్తే చాలుగా అంటారు కొందరు. మూడక్షరాల పొట్టి పేరు వేసేసి బాధ్యత తీరిందనుకుంటారు. ఛత్రినాక అమ్మాయి ఒకామె కథ చెప్పాలి.

నర్సింగ్ చదివింది, ఇక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ. ఐర్లండ్‌లో ఒక ఆస్పత్రికి దరఖాస్తు చేసుకుంటే ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. జూన్ నెల, గురువారం, ‘10.00 ఐఎస్‌టీ’. మెయిలు ఆమె చదివింది, వాళ్ళన్న చదివాడు, నేనూ చదివాను. ముగ్గురిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఐఎస్‌టీ అంటే మన టైమే కదా, వాళ్ళు మన టైములోనే ఇచ్చారు, మంచివాళ్ళు అనుకున్నాం. ఇంట్లో నెట్ సరిగా రాదని తొమ్మిదిన్నరకే మా షాపుకు వచ్చింది. గట్టిగా జడ వేసుకుని, సర్టిఫికెట్ల ఫోల్డర్ ఒళ్ళో పెట్టుకుని, వెనక గోడ మీద బిల్లులు కనిపించకుండా తెల్లటి దుప్పటి కట్టించుకుని కూర్చుంది. పదికి లింకు నొక్కింది. ఎదురు చూడమని వచ్చింది. పదింబావు, పదిన్నర. “అన్నా, ముప్పావు గంట సంది కూసున్న, ఎవ్వరు వస్తలేరు. నేనేమన్న తప్పు నొక్కిన్నా?” అంది. పదకొండు దాకా చూసి లేచింది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ.

ఆ ఐఎస్‌టీ మనది కాదు. ఐర్లండ్‌లో ఎండాకాలపు టైమును ఐరిష్ స్టాండర్డ్ టైమ్ అంటారు, దాని పొట్టి పేరూ ఐఎస్‌టీయే. డబ్లిన్‌లో ఎండాకాలం ఉదయం పది అంటే హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండున్నర. ఆమె వార్డులో రోగికి సెలైన్ పెడుతున్న వేళకు అక్కడ ముగ్గురు ఆమె కోసం కూర్చున్నారు. సాయంత్రానికి మెయిలొచ్చింది, మీరు హాజరు కాలేదు కాబట్టి దరఖాస్తు మూసేశామని. జరిగింది వివరిస్తూ నేనే జవాబు రాశాను. బదులు రాలేదు.

ఆ మెయిలు రాసినవాడు అబద్ధం రాయలేదు. వాడి దేశంలో ఐఎస్‌టీ అంటే అదే. ఇజ్రాయెల్‌లో ఐఎస్‌టీ అంటే మరొకటి. సీఎస్‌టీ అంటే షికాగోవాడికి ఒకటి, చైనావాడికి ఒకటి. బీఎస్‌టీ అంటే లండన్‌లో ఎండాకాలపు టైము, ఢాకాలో బంగ్లాదేశ్ టైము. ఈ పొట్టి పేర్లకు ప్రపంచంలో ఒక పెద్ద, ఒక పద్దు లేవు.

ఈ సంగతి మెయిలు పద్ధతిని కట్టినవాళ్ళకు ఎప్పుడో తెలుసు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 822 అనే నియమావళి గ్రీనిచ్‌కు, అమెరికా మండలాలకు మాత్రమే పొట్టి పేర్లు ఒప్పుకుంది. ఒక్కో అక్షరంతో మండలాన్ని సూచించే సైనిక పద్ధతిని కూడా చేర్చింది, కానీ అందులో ముందు వెనకల గుర్తులే తారుమారు అయ్యాయి. 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1123 ఆ పొరపాటును ఎత్తిచూపి, పేర్లు వద్దు, అంకెలే వాడండి అంది. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322 ఇంకా తెగేసి చెప్పింది: అర్థం తెలియని అక్షరాల పేరు తలకట్టులో వస్తే దాన్ని ‘ఏ ఊరో తెలియదు’ అన్నట్టే తీసుకోవాలి. అంటే యంత్రాలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడే పొట్టి పేర్లను నమ్మడం మానేశాయి. అలాంటి పేరు మీద ఒక మనిషి బతుకుతెరువును ఎలా నిలబెడతాం?

3. తేడా కంఠతా వచ్చినవాళ్ళ ధీమా

“లండన్‌కు అయిదున్నర, షికాగోకు పదకొండున్నర, నాకు నోటికి వచ్చు” అనే పెద్దమనుషులు ఉన్నారు. నోటికి వచ్చింది నిజమే, అది ఏడాదిలో కొన్ని నెలలకే నిజం.

మన గడియారం కదలదు. గల్ఫ్ గడియారం కదలదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అక్కడా అరిజోనాలో చాలా భాగం కదలదు. ఇంగ్లండు, యూరప్‌లలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. సిడ్నీలో దీనికి తిరగబడి, ఏప్రిల్‌లో వెనక్కి, అక్టోబరులో ముందుకు.

2025 మార్చి తీసుకోండి. అమెరికా 9న మారింది, లండన్ 30న మారింది. నడుమ మూడు వారాలు. పత్తర్‌గట్టిలో ముత్యాల వ్యాపారికి షికాగోలో ఒక కొనుగోలుదారు, లండన్‌లో మరొకరు ఉన్నారనుకుందాం. ముగ్గురూ కలిసి మాట్లాడుకునే వేళ షికాగో ఉదయం 9. చలికాలమంతా అది లండన్‌లో మధ్యాహ్నం 3, ఇక్కడ రాత్రి 8.30. మార్చి 10 నుంచి షికాగోవాడు “ఎప్పటిలాగే” అని మెయిలు పెడితే అది లండన్‌లో 2 గంటలు, ఇక్కడ 7.30. 31 నుంచి లండన్ మళ్ళీ 3కి వచ్చేస్తుంది, మనం మాత్రం 7.30లోనే ఉండిపోతాం. ఆ మూడు వారాలూ రంజాన్ నెలలోనే పడ్డాయి. ఇఫ్తార్ ముగిసి చార్మినార్ చుట్టూ కాలు పెట్టడానికి చోటు లేని వేళ, దుకాణం కుర్రాళ్ళు గిరాకీ తట్టుకోలేక అరుస్తున్న వేళ, ఎవరూ చెప్పాపెట్టకుండా ఆ మాటల గంట ముందుకు జరిగిపోయింది. “ఎప్పటిలాగే” అన్న ఒక్క మాటలో ముగ్గురికి మూడు అర్థాలు.

మనదీ ఎప్పుడూ కదలని గడియారం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా మన గడియారాలను కూడా గంట ముందుకు జరిపారు. కంఠతా పట్టిన తేడాకు తేదీ ఉంటుంది. తేదీ లేని తేడా పనికిరాదు.

4. రాత్రి ఎవరిది, తెల్లవారితే ఎవరిది

నాలుగున్నర గంటల తేడా వస్తే ఇంటర్వ్యూ పోతుంది. ఒక రోజు తేడా వస్తే ప్రయాణమే పోతుంది.

గౌలిపురాలో ఒక ఇంటికి షికాగో నుంచి కూతురు మెయిలు పెట్టింది. అమ్మానాన్నల టికెట్టు తీశాను, 9వ తేదీ 12.30 ఏఎం, హైదరాబాద్ నుంచి. ఇంటిల్లిపాదీ 9వ తేదీ పగలంతా పెట్టెలు సర్దారు. గోంగూర పచ్చడి, అప్పడాలు, బరువు తూచుకోవడం, చుట్టాలు వచ్చి వెళ్ళడం. రాత్రి భోజనాలు చేసి శంషాబాద్ వెళ్ళారు. విమానం వెళ్ళిపోయి ఇరవై గంటలు దాటింది. 9వ తేదీ 12.30 ఏఎం అంటే 8వ తేదీ రాత్రి భోజనాలు చేసి బయల్దేరాలని ఆ మెయిల్లో ఎక్కడా లేదు. కూతురు తప్పు రాయలేదు. టికెట్టు మీద ఉన్నది ఉన్నట్టు రాసింది. చదివే మనిషికి అర్థమయ్యేలా మాత్రం రాయలేదు.

ఇక్కడే ‘చాదస్తం’ అన్న మాటకు నా జవాబు. మన శుభలేఖలు తీసి చూడండి. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే “శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం, 3.20 ని.లకు” అని వేస్తాం. ఆ రెండు మాటలు, ‘తెల్లవారితే ఆదివారం’, ఎందుకు వేస్తున్నాం? తెలుగువాడికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారానికి అర్ధరాత్రితో మొదలవుతుంది, చుట్టాలు ఒక రోజు ముందో వెనకో దిగకూడదని. మా వీధికి అవతల ఉన్న ఇళ్ళలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గురువారం పొద్దు గూకగానే వాళ్ళకు జుమ్మా రాత్రి. ఒకే గల్లీలో మూడు రోజులు మూడు వేళల్లో మొదలవుతున్నా ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళకు ఒకరింటికి ఒకరు సరిగ్గా వేళకు వెళ్తున్నారంటే కారణం అందరూ విడమరిచి చెప్పుకోవడమే. రంజాన్‌లో దుకాణాల్లో పంచే సహర్, ఇఫ్తార్ పట్టికలు ఏ ఊరికి లెక్కకట్టినవో ఆ ఊరికే చెల్లుతాయి. పంచాంగం కూడా అంతే. తిథి మారే క్షణం లోకానికంతా ఒక్కటే, కానీ అది హైదరాబాద్‌లో ఒక పూట, అమెరికాలో ఇంకో పూట పడుతుంది. అందుకే అక్కడి మన గుళ్ళు తమ ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూస్తాయి, ఒక్కోసారి పండుగ మనకన్నా ఒక రోజు తేడాలో చేస్తాయి. 2025లో సౌదీలో ఈద్ మార్చి 30న, మనకు 31న. “ఈద్ మర్నాడు డబ్బు పంపుతాం” అని రియాద్ నుంచి మెయిలొస్తే ఏ మర్నాడు?

వారాంతం సంగతీ ఇంతే. సౌదీలో 2013 దాకా గురు, శుక్రవారాలు సెలవు, ఆ తర్వాత శుక్ర, శనివారాలు. ఎమిరేట్స్ 2022 నుంచి ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం ఒంటిపూట. మా పాతబస్తీలో సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. “వారాంతం లోపు పంపండి” అంటే దుబాయ్‌లో ఒక రోజు, జిద్దాలో ఇంకో రోజు.

టైముతోపాటు ఊరి పేరు చెప్పడం ఒకప్పుడు మనకు అలవాటే. చార్మినార్ నాలుగు గడియారాలను 1889లో పెట్టారు. ఆ రోజుల్లో ఏ ఊరి టైము ఆ ఊరిదే. దేశంలో రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి. చార్మినార్ మీద సూర్యుడు నడినెత్తికి వచ్చేది మద్రాసులో వచ్చిన ఏడు నిమిషాలకు. 1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ ఒకే టైము వచ్చింది. మీర్జాపూర్ దగ్గర నుంచి, మన కాకినాడ దగ్గర నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖ దానికి ఆధారం. దాని లెక్కలో చార్మినార్ దగ్గర సూర్యుడు పదహారు నిమిషాలు వెనక. బొంబాయి ఒప్పుకోలేదు, 1955 దాకా తన టైము తనదే అంది. ఆ కాలపు మనిషి టైము అడిగితే “ఊరి టైమా, రైలు టైమా?” అని తేల్చుకోవాల్సిందే. దేశంలో ఒకే టైము వచ్చాక ఊరి పేరు చెప్పే అలవాటు పోయింది. అలవాటు పోయిన యాభై, అరవై ఏళ్ళకే మన పిల్లలు ప్రపంచమంతా పరుచుకున్నారు, ఉత్తరాలు క్షణంలో చేరే రోజులొచ్చాయి. అవసరం తిరిగొచ్చింది, అలవాటు రాలేదు.

5. “తీరిక చూసుకుని చదువుతారు”

చదవడానికి తీరిక ఉంది. గడువుకు తీరిక లేదు. మెయిలు ఎప్పుడైనా చదవచ్చు కాబట్టి టైము ముఖ్యం కాదనేవాళ్ళు మెయిల్లో ఏముంటుందో మరిచిపోతున్నారు. మా షాపులో నేను చదివి చెప్పే మెయిళ్ళు చాలావరకు గడువు మెయిళ్ళే. ఫలానా రోజు లోపు ఫీజు కట్టాలి, కాయితాలు పంపాలి, ఒప్పుకుంటున్నారో లేదో తెలపాలి.

“శుక్రవారం అర్ధరాత్రి లోపు” అని వస్తుంది. గురువారం దాటి శుక్రవారం మొదలయ్యే అర్ధరాత్రా, శుక్రవారం ముగిసే అర్ధరాత్రా? ఏ ఊరి అర్ధరాత్రి? చలికాలంలో షికాగోలో శుక్రవారం రాత్రి 11.59 అంటే మనకు శనివారం ఉదయం 11.29. ఈ లెక్క తెలియక ఇక్కడి పిల్లలు శుక్రవారం రాత్రి నిద్ర మానుకుని ఆగమాగంగా సగం కాయితాలతో పంపేస్తారు. చేతిలో ఇంకా పదకొండున్నర గంటలు ఉన్నాయని ఎవరూ చెప్పరు. అటు నుంచి ఇటు వస్తే నష్టం ఇంకా పెద్దది. సిడ్నీ అర్ధరాత్రి అంటే మనకు సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. మనవాడు రాత్రి తొమ్మిదికి తీరిగ్గా కూర్చుని పంపేసరికి అక్కడ తలుపు మూసేశారు.

చట్టం కూడా “ఎప్పుడైతే ఏం” అనలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 13వ సెక్షన్ ప్రత్యేకంగా దీని గురించే. ఎలక్ట్రానిక్ పత్రం పంపినవాడి చేతిలో లేని కంప్యూటర్‌లోకి ఎప్పుడు ప్రవేశిస్తే అప్పుడు పంపినట్టు. అందుకోవలసినవాడు ఫలానా చోటికి పంపమని చెప్పి ఉంటే అక్కడికి ఎప్పుడు చేరితే అప్పుడు అందినట్టు. పంపినవాడి వ్యాపార స్థలంలో పంపినట్టు, అందుకున్నవాడి వ్యాపార స్థలంలో అందినట్టు లెక్క. కాలంతోపాటు స్థలాన్ని కూడా చట్టం రాసి పెట్టింది. పార్లమెంటు స్థలం లేకుండా కాలం గురించి మాట్లాడలేదు, మనం మాట్లాడుతున్నాం.

6. “గూగుల్ చేసుకుంటే పోతుంది”

ఈ వాదాల్లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

లెక్క కట్టడానికి రెండు కొసలు కావాలి. నా ఊరు నాకు తెలుసు. నువ్వు ఏ ఊరి టైము రాశావో చెప్పకపోతే గూగుల్‌ను ఏమని అడగను? కంపెనీ దుబాయ్‌ది, మెయిలు పంపిన మేనేజరు బెంగళూరులో ఉంటాడు, ఇంటర్వ్యూ చేసేవాడు లండన్‌లో. ‘11 గంటలు’ వీళ్ళలో ఎవరివి? అడుగుదామంటే ఉద్యోగం అడుక్కునేవాడికి నోరు పెగలదు. “టైము కూడా తెలియనివాడు” అనుకుంటారేమోనని భయం. నేను ఎన్నోసార్లు “అడుగుదాం, నేను రాసిపెడతా” అన్నాను. “వద్దన్నా, ఊకో, వాళ్ళకు కోపమొస్తది” అంటారు. అడగకుండా రెండు టైములకూ లింకు ముందు కూర్చుని, ఒక రోజు కూలి పోగొట్టుకున్న ఏసీ మెకానిక్ నాకు తెలుసు.

రాసేవాడికి పట్టేది అర నిమిషం. అదే మెయిలు ఇరవై మందికి వెళ్తే ఇరవై మంది ఇరవై సార్లు లెక్క కట్టాలి, అందులో ఒకరిద్దరు తప్పు కడతారు. తప్పిన వేళకు మూల్యం రాసినవాడు చెల్లించడు. ఆస్పత్రికి ఇంకో నర్సు దొరుకుతుంది. కాలేజీకి ఇంకో విద్యార్థి దొరుకుతాడు. ఛత్రినాక అమ్మాయికి మాత్రం ఇంకో పిలుపు రాలేదు. “నువ్వే చూసుకో” అన్న మాటను పైవాడు కిందివాడితోనే అంటాడు, ఏ ఉద్యోగార్థీ కంపెనీతో అనలేడు. కాబట్టి ఇది సౌకర్యం గురించిన చర్చ కాదు. ఎవరి అజాగ్రత్తకు ఎవరు డబ్బు కడుతున్నారనేది దీని అసలు సంగతి.

ఇంజనీర్లు ఒకరిద్దరు నాతో “అన్నీ గ్రీనిచ్ టైములో రాస్తే గొడవే ఉండదు” అన్నారు. యంత్రాలకు అది సరైన దారే. మా షాపుకు వచ్చే అమ్మకు గ్రీనిచ్ ఏమవుతుంది? పైగా ఇంగ్లండులో చాలామంది ఎండాకాలంలో కూడా అలవాటుగా జీఎంటీ అనే రాస్తారు, అప్పుడు వాళ్ళ చేతి గడియారం దానికన్నా గంట ముందుంటుంది. మనిషికి మనిషి రాసే చోట ఊరి పేరును మించిన గుర్తు లేదు. ఊరికి ఎండాకాలం గడియారం ఉన్నా లేకపోయినా ‘డబ్లిన్‌లో పది’ అంటే డబ్లిన్‌లో పదే.

నేను అడిగేది ఇంతే, ఇంతకు తక్కువ ఒప్పుకోను. టైము రాసిన ప్రతి చోటా వారం, తేదీ, ఊరి పేరు ఉండాలి. రాసేవాడి ఊరి టైముతోపాటు చదివేవాడి ఊరి టైము కూడా రాసేవాడే లెక్క కట్టి రాయాలి. ‘రేపు’, ‘ఈ రాత్రి’, ‘ఎప్పటిలాగే’, ‘వారాంతం లోపు’ అన్నవి దేశం దాటే మెయిల్లోకి రాకూడదు. అర్ధరాత్రి గడువు పెట్టకుండా సాయంత్రం అయిదు అనో ఆరు అనో పెట్టాలి. అర్ధరాత్రి దాటాక విమానమైతే, ‘ఫలానా రాత్రి తెల్లవారితే ఫలానా రోజు’ అని శుభలేఖలో వేసినట్టే వేయాలి. ఊరి పేరు లేకుండా టైము వస్తే చిన్నవాడైనా సరే వెనక్కి అడగాలి, అడిగినందుకు అవతలివాడు విసుక్కుంటే ఆ తప్పు విసుక్కున్నవాడిది.

మా షాపు నుంచి దేశం దాటే ఏ మెయిలూ ఈ వరుస లేకుండా పోవడం లేదు. ఆలస్యమవుతోందని కస్టమరు తొందరపెట్టినా సరే, రెండు ఊళ్ళ టైములూ రాసి, అతనితో పైకి చదివించి, అప్పుడు పంపుతున్నాను. నిన్న ఉప్పుగూడ నుంచి వచ్చిన కుర్రాడికి రియాద్ కంపెనీ ‘ఆదివారం 4 గంటలు’ అని పెట్టింది. జవాబులో మొదటి వరుస ఇలా రాశాను: “మీరు చెప్పినది రియాద్‌లో ఆదివారం సాయంత్రం 4 గంటలు, అంటే హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రం 6.30 అని నేను అనుకుంటున్నాను. కాకపోతే దయచేసి సరిచేయండి.”

గంటలో బదులొచ్చింది. కాదట. అది ముంబయిలోని వాళ్ళ ఏజెంటు ఆఫీసు టైమట.